లా లూష్‌లో కన్నీళ్ళు పెట్టుకున్న తార

తన హోటల్ ఎలా పేరుకెక్కిందని అడిగితే, అడిగిన మనిషిని బట్టి అషీల్ వర్మూసెన్ జవాబు మారేది. మంత్రులడిగితే "వంట మస్యు, అంతా వంటే!" అనేవాడు. పత్రికలవాళ్ళడిగితే "అదృష్టం" అనేవాడు. గాయనులూ నటీమణులూ అడిగితే మాత్రం గోడ మీది ఫోటో వైపు గడ్డం ఎగరేసి, గొంతు తగ్గించి, "ఆవిడ చలవ" అనేవాడు.

ఆ ఫోటో దగ్గర కాసేపు నిలబడకుండా ఆ లా లూష్ హోటల్ నుంచి బయటికి వెళ్ళినవాళ్ళు తక్కువ. కిటికీ పక్క బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి. తలకి రుమాలు, బొచ్చు కాలరున్న కోటు, నల్లకళ్ళద్దాలు. ముందు గిన్నెడు ఆల్చిప్పలు. ఒక చేత్తో చెంప మీది కన్నీరు తుడుచుకుంటోంది. రెండో చేతిలో ఆల్చిప్ప ఉంది, ఆ చేతి చిటికెనవేలు మిగతా వేళ్ళతో తనకేం పనిలేనట్టు నిటారుగా నిలబడి ఉంది. ఫోటో కింద ఇత్తడి రేకు మీద చెక్కిన అక్షరాలు: ఫియామ్మా ఒర్సెల్లి, 1962.

ఆ రోజుల్లో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. వెనిస్‌లో పాత జమీందారీ వంశంలో పుట్టిందని, తండ్రి ఎస్టేటులో గుర్రాల మధ్య పెరిగిందని సినిమా కంపెనీవాళ్ళు ఊదరగొట్టేవాళ్ళు. ఏదో సినిమా షూటింగుకి బ్రసెల్స్ వచ్చిన వారంలోనే ఆమెకి నిశ్చయమైన పెళ్ళి చెడిందన్న వార్త పొక్కింది. ఫోటోగ్రాఫర్లు ఊరంతా గాలించారు. వాళ్ళలో ఒకడికి, నాటకశాల వెనక సందులో, చలికి మసకబారిన హోటల్ కిటికీలోంచి ఈ దృశ్యం కనిపించింది. మర్నాడు పొద్దున పేపర్లో మొదటి పేజీ అంతా అదే. "ఆల్చిప్పల మీద రాలిన కన్నీళ్ళు" అని పెద్దక్షరాల్లో వేశారు.

అంతకుముందు దాకా లా లూష్ అంటే నాటకశాలలో తెరలు లాగేవాళ్ళూ, మేకులు కొట్టేవాళ్ళూ తినే చోటు. రైల్వేస్టేషన్ క్యాంటీన్లో చేతులు కాల్చుకుని వంట నేర్చిన అషీల్, మూతపడ్డ కొవ్వొత్తుల దుకాణం ఒకటి తీసుకుని నాలుగు బల్లలు వేశాడు. లూష్ అంటే గరిటె. ఫ్రెంచిలో ఆ మాటకి "తిరకాసు వ్యవహారం" అన్న అర్థం కూడా ఉండటం వల్ల మొదట్నుంచీ ఆ పేరు మీద జోకులు పేలుతూనే ఉండేవి. ఆ ఫోటో పడ్డాక నాలుగు బల్లలు చాల్లేదు. పక్కనున్న గొడుగుల షాపుని కూడా కలిపేసుకున్నాడు. నాటకాలవాళ్ళ వెనకే సినిమావాళ్ళు, సినిమావాళ్ళ వెనకే మంత్రులు, మంత్రుల వెనకే సైకిల్ పందేల వీరులు వచ్చారు. ఒకాయన పందెం గెలిచిన రోజున చొక్కా కూడా మార్చుకోకుండా వచ్చి, మూడు పళ్ళేల ఫ్రైస్ ఊదేసి, బల్ల మీదే నిద్రపోయాడు. అషీల్ ఆయన్ని లేపనివ్వలేదు. ఊళ్ళో నాజూకు ఆడవాళ్ళు ఆల్చిప్పలు తినేటప్పుడు చిటికెనవేలు నిలబెట్టడం మొదలుపెట్టారు. అది ఇటాలియన్ జమీందారుల పద్ధతని చెప్పుకునేవాళ్ళు.

ఇదంతా సొలాంజ్ చిన్నప్పట్నుంచీ వింటున్నదే. అషీల్ ఆమెకి మేనమామ. ఆమె పనిచేసే టోపీల దుకాణం మూతపడ్డాక, ముప్పైల్లో పడుతూ, మామయ్య హోటల్లో బల్లలు చూసుకునే పనికి కుదిరింది. వచ్చిన నెలలోపే ఆమె బుర్రలో ఒక ప్రశ్న దూరి, ఇక బయటికి పోలేదు. గిస్లేన్ అత్తయ్య ముందు గదిలోకి ఎందుకు రాదు?

రాదంటే అస్సలు రాదు. మామయ్య భార్య, హోటల్‌కి సగం యజమానురాలు, రొయ్యల క్రొకెట్లనే వేపుడు ఉండలు ఆవిడ చేతి మీదే పేరు తెచ్చుకున్నాయి. అలాంటి మనిషి వెనక సందు తలుపులోంచి వచ్చేది, వెనక సందు తలుపులోంచే పోయేది. తిన్నవాళ్ళు మురిసిపోయి "మదామ్‌ని ఒక్కసారి పిలవండి, చెయ్యి ముద్దుపెట్టుకోవాలి" అంటే, అషీల్ రెండు చేతులూ గాల్లోకి ఎత్తి "అమ్మో, మా ఆవిడకి సిగ్గెక్కువ" అనేవాడు.

వంటింట్లో గిస్లేన్‌ని చూసినవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు. చేపలవాడు తెచ్చిన ఈల్ చేపల మొప్పలు ఎత్తి చూసి "వీటికి పోయినవారమే దినాలు అయిపోయుంటాయి, తీసుకుపో" అని తరిమేసేది. కూరలో ఉప్పెక్కువ వేసిన వంటవాడితో "ఎవర్నైనా ప్రేమిస్తున్నావేంట్రా? పెళ్ళయ్యాక వచ్చి వండు" అనేది. సిగ్గు అనేది ఆవిడ ఇంటి దరిదాపులకి కూడా వచ్చినట్టు లేదు.

సొలాంజ్ మొదట పెద్ద వెయిటర్ ఫ్లోరిమోన్‌ని పట్టుకుంది. ఆయన అక్కడ హోటల్ తెరిచిన నాటినుంచీ ఉన్నాడు.

"ఫ్లోరిమోన్ గారూ, అత్తయ్యకి ముందు గదంటే భయమా?"

"భయమా? ఆవిడకా? ఆవిడని చూస్తే గదికే భయం."

"మరి?"

ఫ్లోరిమోన్ చేతిలోని గాజుగ్లాసుని వెలుతురులో పెట్టి చాలాసేపు తుడిచాడు. "అమ్మాయ్, నాకు ఇద్దరు దేవుళ్ళు. ఒకాయన పైనుంటాడు, ఒకాయన జీతమిస్తాడు. ఇద్దరి ఇంటి సంగతులూ నేను మాట్లాడను."

అంటే మాట్లాడ్డానికి ఏదో ఉందన్నమాట. సొలాంజ్‌కి ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

జవాబు ఆమెకి ఒక మధ్యాహ్నం, ఏమాత్రం ఎదురుచూడని క్షణంలో దొరికింది. భోజనాల హడావుడి అయిపోయింది. వంటింట్లో గిస్లేన్ స్టూలు మీద కూర్చుని తన కోసం దాచుకున్న ఆల్చిప్పలు తింటోంది. ఖాళీ చిప్పనే పట్టుకారులా చేసి మిగతావాటిలోంచి కండ లాగుతోంది. అందులో వింతేమీ లేదు, ఊళ్ళో అందరూ అలాగే తింటారు. కానీ ఆవిడ చిటికెనవేలు! మిగతా వేళ్ళు ముడుచుకుని పని చేస్తుంటే అది మాత్రం కర్రలా నిలబడి ఉంది.

సొలాంజ్ ముందు గదిలోకి వెళ్ళి ఫోటో చూసింది. మళ్ళీ వంటింట్లోకి వచ్చి వేలు చూసింది. మళ్ళీ ఫోటో దగ్గరికి వెళ్ళింది.

"ఏమే, కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతున్నావు?" అని కేకేసింది గిస్లేన్.

"అత్తయ్యా, నీ వేలుకి ఏమైంది?"

"బొత్తాల ఫ్యాక్టరీలో మిషన్ కింద పడింది. పదిహేనేళ్ళప్పుడు. అప్పట్నుంచీ వంగదు. ఏం, చెంచా పట్టుకోడానికేం అడ్డం రాలేదులే."

"ఇటాలియన్ జమీందారీ వేలా అది?"

గిస్లేన్ నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయింది. తలుపు వైపు చూసింది, ఎవరూ లేరు. అప్పుడు చిప్ప కింద పడేసి, నవ్వాపుకోలేక ఏప్రన్ మూతికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, "తలుపెయ్యి" అంది.

"ఆ కన్నీళ్ళు..." అని మొదలుపెట్టింది సొలాంజ్.

"కళ్ళకలక! కన్నీళ్ళూ లేవు, విరహమూ లేదు. రెండు కళ్ళూ టమాటాల్లా ఉబ్బాయి. ఆ రోజు మా బంధువుల పెళ్ళి. ఆ కళ్ళతో ఎలా వెళ్ళడం? మా పెద్దమ్మ కూతురు నల్లకళ్ళద్దాలిచ్చింది, తన బొచ్చు కోటు కూడా ఇచ్చింది. చర్చిలో పెళ్ళికూతుర్ని వదిలేసి అందరూ నన్నే చూశారు. తీరా విందులో ఎవరూ నా పక్కన కూర్చోలేదు, అంటుకుంటుందని. ఆకలి దంచేస్తోంది. లేచి వచ్చేశాను. దారిలో ఈ హోటల్ కనబడింది, ఆల్చిప్పలు చెప్పాను. మీ మామయ్య వాటిలో ఉల్లిపాయలు ఎంత వేశాడంటే, ఉన్న కళ్ళకలకకి అవీ తోడై ధారలు కారాయి. కిటికీలో ఏదో తళుక్కుమంది. మెరుపనుకున్నాను."

"మరి మామయ్య?"

"ఆయనకేం తెలుసు? ఆయన వంటింట్లో ఉన్నాడు. పేపర్లో చూసి నిజంగా ఆవిడే వచ్చిందనుకున్నాడు. వారం తర్వాత నేనే వచ్చాను, దెబ్బలాడ్డానికి. మా పెద్దమ్మ కూతురు పేపర్లో తన కోటు చూసి, 'నా కోటు వేసుకుని మగాళ్ళ కోసం ఏడుస్తావా' అని ఇల్లు పీకి పందిరేసింది. ఆ ఫోటో తీసెయ్యండి అని అడగడానికొస్తే, వీధి చివరిదాకా జనం. వెనక సందులోంచి దూరాను. మీ మామయ్య చెమటలు కక్కుతూ ఒకేసారి ఆరు గిన్నెలు కలుపుతున్నాడు. నేను చెప్పింది విని, గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత ఏమన్నాడో తెలుసా? 'మదమోజెల్, ఆకలిగా ఉందా?' అన్నాడు. ఇక్కడే, ఇదే స్టూలు మీద కూర్చోబెట్టి పెట్టాడు."

"నిన్ను మంచి చేసుకోవడానికా?"

"అంతే అనుకున్నాను. కానీ మర్నాడు కూడా పెట్టాడు, ఆ మర్నాడు కూడా. వసంతానికల్లా పెళ్ళి చేసుకున్నాం." గిస్లేన్ గిన్నెలోని రసాన్ని రొట్టెముక్కతో తుడిచింది. "మొదటి ఏడాది ఆయనే బతిమాలాడు, ముందు గదిలోకి రావద్దు, ఎవరైనా పోల్చుకుంటే కొంప మునుగుతుందని. సరే అన్నాను. ఆ తర్వాత రమ్మని చెప్పడం ఆయన మర్చిపోయాడు. నేనూ అడగలేదు. ఇలాగే అయిపోయింది."

ఆ చివరి మాటలు ఆవిడ మామూలుగానే అంది. సొలాంజ్‌కి మాత్రం అవి మామూలు మాటల్లా అనిపించలేదు. సాయంత్రం మామయ్య సెల్లార్లో వైన్ సీసాలు సర్దుతుంటే వెళ్ళి నిలదీసింది.

"అత్తయ్యని పాతికేళ్ళు వంటింట్లో దాచేశావా మామయ్యా?"

అషీల్ చేతిలోంచి జారబోయిన సీసాని పట్టుకున్నాడు. "దాచడమేంటే? ఆవిడ ఇష్టంగానే..."

"ఎప్పుడైనా అడిగావా?"

ఆయన సీసా పక్కన పెట్టి, బట్టతల రుద్దుకున్నాడు. "అడగాల్సిందే" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. "కానీ అప్పటికే ఆ కథ మీద ఇంత హోటల్ కట్టేశాను. కదిలిస్తే కూలుతుందేమోనని భయం. నీకు తెలీదు, రోజూ పడుకునే ముందు అనుకునేవాణ్ణి, ఆ ఒర్సెల్లి పేపర్లో ఒక్క మాట అంటే చాలు, 'నేనెప్పుడూ అక్కడ తినలేదు' అని, మన పని అయిపోయినట్టేనని. ఆవిడ అనలేదు. పాతికేళ్ళు. ఎందుకు అనలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు."

ఇప్పుడు సొలాంజ్ బుర్రలో పాత ప్రశ్న పోయి కొత్తది దూరింది. నిజమే కదా. ఒర్సెల్లిది కాని ఫోటో ఆమె పేరుతో ఊరూరా అచ్చయితే, నేను కాదు అని ఎందుకు చెప్పలేదు?

ఆ ప్రశ్నకి జవాబు టెలిఫోన్‌లో మొదలైంది. శరదృతువులో బ్రసెల్స్‌లో సినిమా ఉత్సవం. ఫియామ్మా ఒర్సెల్లికి సన్మానం. ఉత్సవం ఆఫీసునుంచి ఒకాయన ఫోన్ చేసి, మదామ్ ఒర్సెల్లి మంగళవారం మధ్యాహ్నం లా లూష్‌కి వస్తారనీ, వెంట పత్రికలవాళ్ళు గానీ కెమెరాలు గానీ ఉండకూడదని ఆమె కోరారనీ, కిటికీ పక్క "తన బల్ల" కావాలన్నారనీ చెప్పాడు.

అషీల్ రిసీవర్ పెట్టి, దొరికిన కుర్చీలో కూలబడ్డాడు. "తన బల్ల అందట" అన్నాడు. "ఫ్లోరిమోన్, నేను ఊళ్ళో లేనని చెప్పెయ్."

"చెబుతాను. ఊళ్ళో లేరు, వైన్ పీపా వెనక ఉన్నారని చెబుతాను" అన్నాడు ఫ్లోరిమోన్.

"ఫోటో తీసేద్దామా?"

"తీస్తే గోడ మీద తెల్లటి చదరం కనిపిస్తుంది. అది ఫోటో కంటే ఎక్కువ మాట్లాడుతుంది."

వంటింట్లోంచి గిస్లేన్ గొంతు వినిపించింది. "రానీండి. నాకూ ఆవిణ్ణి చూడాలనుంది. తలుపు సందులోంచి."

మంగళవారం హోటల్ తలుపుకి "మూసి ఉంది" అన్న పలక తగిలించారు. ఫియామ్మా ఒర్సెల్లి ఒక్కతే వచ్చింది. బూడిదరంగు గొడుగు, మడమ లేని చెప్పులు, పెదాలకి రంగు కూడా లేదు. సొలాంజ్ ఊహించుకున్న దానికంటే పొట్టి. సినిమాల్లో చూసిన ఆ పెద్ద కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. కోటు తీయకుండానే నేరుగా ఫోటో దగ్గరికి వెళ్ళి, సంచిలోంచి చదువుకునే కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, ముక్కు గోడకి ఆనేంత దగ్గరగా చూసింది.

"నా ముక్కు ఎప్పుడూ ఇంత బావుండేది కాదు" అంది.

ఫ్లోరిమోన్ కుర్చీ లాగి పట్టుకున్నాడు. ఆమె కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది.

"మస్యు వర్మూసెన్, ఆ రోజు నేనేం తిన్నాను?"

అషీల్ బల్ల మీది గుడ్డ సర్దాడు. "ఆ... ఆల్చిప్పలు, మదామ్."

"బావున్నాయా?"

"మీరు... గిన్నె ఖాళీ చేశారు."

"చిత్రమే. నాకు చిన్నప్పట్నుంచీ ఆల్చిప్పలు పడవు. ఒక్కటి తిన్నా ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు వాచి మాట పడిపోతుంది." ఆమె చేతులు బల్ల మీద పెట్టుకుని, దబాయింపు లేకుండా, నిజంగా తెలుసుకోవాలనే గొంతుతో అడిగింది. "ఎవరావిడ?"

అషీల్ మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. ఫోటో వైపు చూశాడు, వంటింటి తలుపు వైపు చూశాడు. సొలాంజ్‌కి జాలేసింది. "లోపల ఉన్నారు మదామ్" అనేసింది. "మా అత్తయ్య."

వంటింటి తలుపు అవతల ఏదో గిన్నె కిందపడిన చప్పుడైంది.

సొలాంజ్ లోపలికి వెళ్ళేసరికి గిస్లేన్ వెనక తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. "నేను రాను. నా ఒళ్ళంతా రొయ్యల వాసన. ఏం చెప్పను ఆవిడకి? 'మీ పేరు పెట్టుకుని పాతికేళ్ళు కడుపు నింపుకున్నాను, క్షమించండి' అనా?"

"పరుగెడితే మాత్రం ఏం చెబుతావు?"

"పరిగెత్తేవాళ్ళు ఏమీ చెప్పక్కర్లేదే పిచ్చిదానా, అందుకేగా పరిగెత్తేది."

ఇంతలో తలుపు తెరుచుకుంది. ఫియామ్మా ఒర్సెల్లి తానే లోపలికి వచ్చేసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పాతికేళ్ళలో ఒకరు ఎండిపోయారు, ఒకరు నిండిపోయారు. ఇప్పుడు వాళ్ళని పక్కపక్కన నిలబెడితే అక్కాచెల్లెళ్ళని కూడా ఎవరూ అనరు. ఫియామ్మా చూపు గిస్లేన్ చేతి మీదికి దిగింది.

"ఆ వేలు" అంది. "ఆ వేలు ఎలా పెట్టాలో నాకు మా దర్శకుడు నేర్పించాడు, తెలుసా? తర్వాతి సినిమాలో. 'బ్రసెల్స్‌లో పెట్టావే, అలా పెట్టు' అన్నాడు. రెండు రోజులు సాధన చేశాను. నరం పట్టేసింది."

గిస్లేన్ నవ్వబోయి ఆపుకుంది. "మదామ్, నేను కావాలని చెయ్యలేదు. నాకు కళ్ళకలక..."

"మీరు నన్ను క్షమాపణ అడక్కండి. నేను మీకో మాట చెప్పుకోవాలని వచ్చాను. కూర్చోవచ్చా?"

ఆమె ఆ స్టూలు మీదే కూర్చుంది. సొలాంజ్ తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆమె వెనక అషీల్, ఆయన వెనక ఫ్లోరిమోన్.

"నా అసలు పేరు అస్సుంతా" అంది ఫియామ్మా. "వెనిస్ లేదు, గుర్రాలు లేవు. మాది దక్షిణాన కొండ మీద రాళ్ళ ఊరు. యుద్ధం అయిపోయాక మా నాన్న మీ దేశం వచ్చాడు, షార్లెరోయ్ బొగ్గుగనుల్లోకి. మీ బంగాళాదుంపలు తిని, మీ వానలో తడిసి, భూమి కింద పదిహేనేళ్ళు పనిచేశాడు. నన్ను మా మేనత్త పెంచింది. నేను సినిమాల్లోకి వెళ్ళినప్పుడు కంపెనీవాళ్ళు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, నా తండ్రి ఫలానా జమీందారు, చనిపోయాడు అని. బతికున్న మనిషిని చంపేసి సంతకం పెట్టాను. నాన్న ఏమీ అనలేదు. 'నీకు అన్నం పెడుతుందా ఆ అబద్ధం? అయితే పెట్టనీ' అని కబురు పంపాడు.

"షూటింగుకి నేను బ్రసెల్స్ వచ్చేసరికి ఆయన ఊపిరితిత్తులు రాయి అయిపోయాయి. షార్లెరోయ్ ఆసుపత్రిలో ఉన్నాడు. గంట ప్రయాణం. కానీ నేనెక్కడికి కదిలినా వెనక ఫోటోలవాళ్ళు. పెళ్ళి చెడిందన్న వార్త వచ్చాక మరీను, హోటల్ గుమ్మం ముందే కాపురం పెట్టారు. ఆ సాయంత్రం వంటవాళ్ళ తలుపులోంచి, పనిమనిషి కోటు వేసుకుని బయటపడ్డాను. స్టేషన్ దాకా వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉన్నాను. ఒక్కడు లేడు. ఒక్కడంటే ఒక్కడు! నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ రాత్రంతా నాన్న పక్కన కూర్చున్నాను. ఆయన దగ్గులో బొగ్గుపొడి వచ్చేది. నా చెయ్యి పట్టుకుని చిన్నప్పటి పేరుతో పిలిచాడు. పొద్దున్నే తిరిగొచ్చాక పేపర్ చూశాను."

ఆమె గిస్లేన్ వైపు తిరిగింది.

"నన్ను ఇక్కడ చూశానని ఒకడు అనగానే ఊళ్ళో ఉన్న ప్రతి కెమెరా మీ కిటికీ ముందుకి చేరింది. మీరు లేచి వెళ్ళిపోయాక కూడా, మళ్ళీ వస్తానేమోనని తెల్లారేదాకా అక్కడే ఉన్నారట. నాన్న ఆ వారంలోనే పోయాడు. నేను 'అది నేను కాదు' అని ఎలా అంటాను? అంటే వెంటనే అడుగుతారు, మరి ఆ రాత్రి ఎక్కడున్నావు అని."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. సొలాంజ్ మామయ్య వైపు చూసింది. రోజూ పడుకునే ముందు ఈ ఆడమనిషికి భయపడ్డ మనిషి, ఇప్పుడు తువ్వాలుతో ముఖం మొత్తం తుడుచుకుంటున్నాడు.

"మీరు ఏడ్చారని రాశారు" అంది ఫియామ్మా. "నిజంగా మీరెవరి కోసమైనా ఏడుస్తున్నారేమోనని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎవరో పాపం, ఎంత కష్టమో ఆవిడకి, అని."

"ఉల్లిపాయలు, మదామ్" అంది గిస్లేన్. ఆ మాట అంటూనే ఈసారి నిజంగానే ఏడ్చింది.

ముందు గదిలో తనతో కలిసి తినమని ఫియామ్మా అడిగినప్పుడు గిస్లేన్ భర్త వైపు చూసింది. అషీల్ ఆమె నడుం వెనక్కి చెయ్యి పోనిచ్చి, ఏప్రన్ ముడి తానే విప్పాడు. ముడి బిగుసుకుపోయి ఉంది, చాలాసేపు పట్టింది. తర్వాత తలుపు తెరిచి పట్టుకున్నాడు.

గిస్లేన్ ముందు గదిలోకి అడుగుపెట్టి, కొత్త ఇంట్లోకి వచ్చినదానిలా నాలుగు వైపులా చూసింది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కుర్చీ అటూ ఇటూ కదిలించింది.

"ఈ కుర్చీ కాలు ఊగుతోంది" అంది. "ఈ దీపం మరీ కిందికి ఉంది, తినేవాడి కళ్ళల్లోకి కొడుతోంది. ఇన్నేళ్ళూ జనం ఇలాగే తిన్నారా? నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చూస్తే ఊరుకోవని తెలుసు" అన్నాడు అషీల్.

ఆయన తన భార్యకి ఆల్చిప్పలు తానే వండి తెచ్చిపెట్టాడు. ఫియామ్మాకి పందిమాంసం ముక్కలు చుట్టిన ఎండివ్ ఆకుకూర మొగ్గలు పెట్టాడు. పళ్ళెం అంచు తుడిచి మరీ పెడుతుంటే, మంత్రులకి కూడా ఇంత జాగ్రత్తగా వడ్డించలేదని ఫ్లోరిమోన్ సొలాంజ్ చెవిలో ఊదాడు. సొలాంజ్‌కి తీర్పు చెప్పాలనిపించలేదు. పాతికేళ్ళు తక్కువేం కాదు. అయినా ఆ మధ్యాహ్నం మామయ్యా అత్తయ్యా దీపం ఎత్తు గురించి పోట్లాడుకుంటుంటే, వాళ్ళ మధ్య కోపం ఎంత, ప్రేమ ఎంత అని బయటినుంచి కొలవడం తన పని కాదనిపించింది.

ఆ తర్వాత గిస్లేన్ రోజూ ముందు గదిలోకి వచ్చేది. భోజనాల మధ్యలో వచ్చి బల్లబల్ల దగ్గరా ఆగి, పళ్ళెంలో ఏం మిగిల్చారో చూసి, ఎందుకు మిగిల్చారని అడిగేది. దేశమంతా పొగిడే గాయకుణ్ణి ఒకణ్ణి పట్టుకుని, కూరలు వదిలేసి మాంసం మాత్రమే తిన్నందుకు చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టింది. అతను మర్నాడే ఇంకో ముగ్గుర్ని వెంటబెట్టుకు వచ్చాడు. ఎవరైనా ఫోటో దగ్గర నిలబడితే, "అది నేనే, కళ్ళకలకతో" అనేది. జనం కడుపుబ్బ నవ్వేవాళ్ళు. మదామ్ హాస్యం అదుర్స్ అని చెప్పుకునేవాళ్ళు. ఒక్కరు కూడా నమ్మలేదు. అషీల్ భయపడ్డ కూలిపోవడం మాత్రం జరగలేదు.

ఉత్సవం చివరి రోజున ఫియామ్మా మళ్ళీ ఫోన్ చేసింది. తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళాలనుకుంటోంది. ఒంటరిగా వెళ్ళే ధైర్యం లేదు. గిస్లేన్ వస్తుందా?

సొలాంజ్ షార్లెరోయ్ దాకా కారు నడిపింది. దారి పొడుగునా వాన. వెనక సీట్లో ఇద్దరాడవాళ్ళూ ముందు మర్యాదగా, తర్వాత గట్టిగట్టిగా మాట్లాడుకున్నారు. మోకాళ్ళ నొప్పులకి ఏ తైలం మంచిదో తేలలేదు. గనులు మూతపడి చాలా కాలమైన ఆ ఊళ్ళో, బొగ్గు తవ్విపోసిన గుట్టల మీద ఇప్పుడు గడ్డీ చిన్న చిన్న చెట్లూ మొలిచాయి. సమాధి రాయి మీద పేరు నాచు పట్టి కనబడలేదు. ఫియామ్మా గోళ్ళతో గీకడం మొదలుపెట్టింది. గిస్లేన్ సంచిలోంచి పాత చెంచా ఒకటి తీసి ఆమెకి అందించి, తాను గొడుగు పట్టుకుంది.

తిరిగి వస్తుంటే, వరసగా ఉన్న పాత ఇటుక ఇళ్ళలో ఒకదాని తలుపు తెరుచుకుంది. ఊతకర్ర పట్టుకున్న ముసలమ్మ ఒకావిడ బయటికొచ్చి, ఫియామ్మాని కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వు కార్మెలో కూతురివి కదూ?" అంది ఇటాలియన్ యాస ఫ్రెంచిలో. "అదే నడక. అస్సుంతావి. అప్పుడెప్పుడో ఒక రాత్రి ఆసుపత్రికి వచ్చావు, నేను కారిడార్‌లో చూశాను. మళ్ళీ రానేలేదు. పెళ్ళయిందా? పిల్లలా? ఏం పని చేస్తున్నావు?"

ఫియామ్మా ఒర్సెల్లి గోళ్ళలోని నాచు దులుపుకుంది. "సినిమాల్లో చేశానండి" అంది.

"ఓహో, టికెట్ల దగ్గరా?" అంది ముసలమ్మ. "మంచిదే. వానలో నిలబడకుండా చేసే పని. లోపలికి రండి, కాఫీ ఇప్పుడే దించాను. ఈ లావావిడ మీ వదినా?"

"అవునండి" అంది గిస్లేన్, చెప్పులు గుమ్మం దగ్గర తుడుచుకుంటూ. "మీ పొయ్యి ఎక్కడ? పాలు పొంగుతున్న వాసన వస్తోంది."